ఆ ఫండ్ మనం కట్టిన ఫీజే



పోయిన భాగంలో ఫెలోషిప్‌ల ఆలస్యం గురించి రాశాను. దానికి వచ్చిన మెసేజుల్లో రెండింటికి జవాబు ఈ భాగం.

ఒకటి అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న చెల్లి నుంచి. అక్కడ గ్రాడ్యుయేట్ విద్యార్థులంటే మన లెక్కలో పీజీ, పీహెచ్‌డీ వాళ్లు. వాళ్ల యూనివర్సిటీలో స్టూడెంట్ గవర్నమెంట్, అంటే విద్యార్థులు ఎన్నుకున్న సంఘం, గ్రాడ్యుయేట్ విద్యార్థులు మొదలుపెట్టే కొత్త కార్యక్రమాలకు డబ్బిస్తామని ప్రకటించింది. మన పిల్లలు ఏడెనిమిది మంది కలిసి నెలకోసారి అంబేడ్కర్ రచనలు చదువుకునే బృందం పెట్టుకుందామనుకుంటున్నారు. "మనం అడగొచ్చా అన్నా?" అని ఆమె ప్రశ్న.

రెండోది ఇక్కడే ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ స్కాలర్‌గా ఉన్న తమ్ముడి నుంచి. యూనియన్ డబ్బులో పెద్ద భాగం ఏటా ఫెస్ట్‌కి, డీజేకి, స్టేజీకి పోతోందట. స్కాలర్లు రెండు రోజుల సెమినార్ పెట్టుకుంటామంటే "దానికి పద్దు లేదు" అన్నారట.

ఆ చెల్లి రాసిన "అడగొచ్చా" దగ్గర నేను ఆగిపోయాను. స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం కోసం ఆఫీసు గుమ్మం బయట నిలబడి పెరిగినవాళ్లం మనం. మనకు రావాల్సింది కూడా ఎవరో దయతలిస్తేనే వస్తుందని చిన్నప్పటి నుంచి మనకు నేర్పారు. సముద్రాలు దాటి వెళ్లినా ఆ భయం మనతోనే వస్తుంది.

నా మాట సూటిగా చెప్తాను. ఆ డబ్బు అడగండి. అడిగి ఊరుకోకుండా దాన్ని పంచే నియమాలను మార్చమని కూడా అడగండి. ఇప్పుడున్న నియమాలు చూడటానికి అందరికీ ఒకటే. కానీ వాటితో లాభపడేది చేతిలో ముందే డబ్బు, వెనక మంది ఉన్నవాళ్లు.

ఆ డబ్బు ఎక్కడిది?

అమెరికాలో చాలా యూనివర్సిటీల్లో ట్యూషన్ కాకుండా ప్రతి విద్యార్థీ తప్పనిసరిగా కట్టే ఫీజు ఒకటి ఉంటుంది. అందులో కొంత హెల్త్ సెంటర్ లాంటి వాటికి పోతుంది. ఇంకొంత స్టూడెంట్ గవర్నమెంట్ చేతుల మీదుగా విద్యార్థి సంఘాలకు వెళ్తుంది. విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్ క్యాంపస్ లెక్క కోర్టు రికార్డుకెక్కింది కాబట్టి చెప్తున్నా. 1995-96లో అక్కడ ఒక్కో విద్యార్థి కట్టిన ఈ ఫీజు ఏడాదికి 331.50 డాలర్లు. అందులో సుమారు 80 శాతం యూనివర్సిటీ సేవలకు పోయేది. మిగతా దాని పంపకంలో విద్యార్థుల ప్రభుత్వానిది ప్రధాన పాత్ర.

పీహెచ్‌డీ చేస్తూ టీచింగ్ అసిస్టెంట్‌గా పనిచేసేవాళ్లకు ట్యూషన్ మాఫీ అయినా, ఇలాంటి ఫీజులు చాలాచోట్ల జేబులోంచి కట్టాల్సిందే. ఎంఎస్ వాళ్లయితే అప్పు తెచ్చి కడతారు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. వాళ్లలో 1,96,567 మంది గ్రాడ్యుయేట్ స్థాయి వాళ్లు. అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలు ఎంతమందో అమీర్‌పేట కన్సల్టెన్సీ బోర్డులు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వాళ్లలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధితో వెళ్లినవాళ్లున్నారు. అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టి వెళ్లినవాళ్లున్నారు. ఆ గొలుసు డబ్బులో కొంత ఈ ఫండ్‌లో ఉంది. ఇంక "అడగొచ్చా" అనేది ఎక్కడిది చెల్లీ?

ఇక్కడున్నవాళ్లు కూడా ఒక పని చేయండి. ఈ సెమిస్టర్ ఫీజు రసీదు బయటికి తీసి ఒక్కో లైనూ చదవండి. యూనియన్, కల్చరల్, స్పోర్ట్స్, మ్యాగజైన్ లాంటి పేర్లు ఎన్ని ఉన్నాయో, ఒక్కోదానికి ఎంత కట్టారో రాసుకోండి. తర్వాత ఆ డబ్బు ఎక్కడ ఖర్చయిందో అడగండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల దరఖాస్తు.

బాబాసాహెబ్ 1925లో అచ్చువేసిన పుస్తకం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద. కొలంబియాలో ఆయన డాక్టరేట్ కూడా ఆ పని మీదే. పన్ను ఎక్కడ వసూలవుతోంది, ఎవరి చేతికి పోతోంది, ఖర్చు ఎవరు నిర్ణయిస్తున్నారు అని ఆయన ఏళ్ల తరబడి లెక్కలు తీశాడు. ఆయన ఫొటోకి దండ వేసే మనం మన సంఘం బడ్జెట్ కాగితం చదవకపోతే ఎలా?

పీజీ, పీహెచ్‌డీ వాళ్లు ఎందుకు మిగిలిపోతారు?

కార్నెల్ లాంటి కొన్ని చోట్ల గ్రాడ్యుయేట్, ప్రొఫెషనల్ విద్యార్థులకు విడిగా అసెంబ్లీ ఉంది. వాళ్ల ఫీజు పంపకం వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. అందరికీ కలిపి ఒకే సంఘం ఉన్నచోట డిగ్రీ పిల్లలదే సంఖ్యాబలం. వాళ్లు హాస్టల్లో ఉంటారు, సాయంత్రాలు ఖాళీగా ఉంటారు, మీటింగులకు వస్తారు. రీసెర్చ్ చేసేవాళ్లు ల్యాబులో ఉంటారు, పేపర్లు దిద్దుతుంటారు, కొందరికి ఇంట్లో చంటిపిల్లలుంటారు. మీటింగుకి రానివాళ్ల పద్దు బడ్జెట్లో చివరికి పోతుంది. డిగ్రీ పిల్లల మీద నాకు కోపం లేదు, వాళ్ల అవసరాలు వాళ్లవి. కానీ ఫీజు ఇద్దరూ కడుతున్నప్పుడు ఒకరి అవసరాలే కార్యక్రమాలు కావడం న్యాయం కాదు.

మన దగ్గర దీని మీద ఇంకో పొర ఉంది. 2006 సెప్టెంబర్ 22న సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం విద్యార్థి సంఘ ఎన్నికల్లో పోటీకి రీసెర్చ్ విద్యార్థికి వయసు హద్దు 28 ఏళ్లు. మన పిల్లల దారి చూడండి. డిగ్రీ అయ్యాక ఇంటి కోసం రెండేళ్లు ప్రైవేటు స్కూల్లో పనిచేస్తారు. తర్వాత బీఈడీ, తర్వాత పీజీ. నెట్ మూడోసారో నాలుగోసారో వస్తుంది. పీహెచ్‌డీలో చేరేసరికి 28 దాటిపోతుంది. తండ్రి ప్రొఫెసరైన కుర్రాడు 23కే చేరతాడు. వయసు నియమంలో కులం పేరు ఎక్కడా లేదు. అయినా అది ఎవరిని పోటీలోంచి తప్పిస్తుందో లెక్కేసుకుంటే తెలిసిపోతుంది. ఇక ఉస్మానియా లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో మూడు దశాబ్దాలకు పైగా సంఘ ఎన్నికలే లేవు. ఎన్నుకున్న సంఘమే లేనిచోట విద్యార్థి డబ్బు మీద నిర్ణయం పూర్తిగా అధికారులదే.

ఓట్లు వేసి తేల్చేద్దామంటే?

ఫండ్ పంచేటప్పుడు "ఎక్కువమంది ఏది కోరుకుంటే దానికే ఇద్దాం, అదే ప్రజాస్వామ్యం" అనేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. వినడానికి బాగానే ఉంటుంది. భారతీయ విద్యార్థులు 400 మంది ఉన్న క్యాంపస్‌లో దీపావళికి 350 మంది వస్తారు, అంబేడ్కర్ చదువు బృందానికి 12 మంది వస్తారు. తలలు లెక్కపెట్టి పంచితే మనకు ఎప్పటికీ ఏమీ రాదు.

మాడిసన్ లెక్క కోర్టుకెక్కిందన్నాను కదా, ఆ కథ ఇక్కడ పనికొస్తుంది. స్కాట్ సౌత్‌వర్త్ అనే లా విద్యార్థి, మరికొందరు కలిసి, తమకు నచ్చని భావాల సంఘాలకు తమ ఫీజు పోతోందని కేసు వేశారు. 2000 మార్చి 22న అమెరికా సుప్రీంకోర్టు తప్పనిసరి ఫీజు వసూలు చేయొచ్చని చెప్పింది. కానీ పంచేటప్పుడు ఏ సంఘం భావాలు ఏమిటన్నది చూడకూడదని షరతు పెట్టింది. ఆ యూనివర్సిటీలో విద్యార్థుల ఓటింగుతో ఒక సంఘానికి డబ్బిచ్చే, లేదా ఆపేసే పద్ధతి కూడా ఉండేది. దాన్ని కోర్టు అనుమానించింది. అల్పసంఖ్యాకుల అభిప్రాయానికి కూడా మెజారిటీ అభిప్రాయంతో సమానమైన గౌరవం దక్కాలి, అది మెజారిటీ ఒప్పుకోలు మీద ఆధారపడకూడదు అన్నది ఆ తీర్పు సారం.

మనకిది కొత్త మాటా? మతపరమైన, కులపరమైన మెజారిటీని రాజకీయ మెజారిటీగా చెలామణి చేయొద్దని బాబాసాహెబ్ జీవితమంతా వాదించాడు. అక్కడ కోర్టు దాకా వెళ్లిన ఆ తర్కం మన చేతికి పనిముట్టు.

రెండు సంగతులు మాత్రం మర్చిపోవద్దు. ఈ తీర్పు ప్రభుత్వ యూనివర్సిటీలకు వర్తిస్తుంది. ప్రైవేటు వాటిలో వాళ్ల సొంత నియమావళి చూసుకోవాలి. రెండోది, ఇదే నియమం మనకు గిట్టని సంఘాలకు కూడా రక్షణ ఇస్తుంది. కుల వివక్ష మీద నిబంధన అక్కర్లేదనే బృందం కూడా అదే ఫండ్ అడగొచ్చు. అడగనివ్వండి. వాళ్లకు డబ్బు ఆపాలని కాకుండా మనకు సమానంగా ఇవ్వాలని కొట్లాడదాం. మన వాదన చర్చలో ఓడిపోయేంత బలహీనమైంది కాదు.

ముందు ఖర్చు పెట్టు, తర్వాత ఇస్తాం

ఇక అసలు దెబ్బ తగిలే చోటుకి వద్దాం. డబ్బు మంజూరైనా చాలాచోట్ల ముందు ఇవ్వరు. నీ డబ్బుతో హాలు బుక్ చెయ్యి, భోజనాలు తెప్పించు, బిల్లులు పెట్టు, తర్వాత రీయింబర్స్ చేస్తాం అంటారు. కాన్ఫరెన్స్ ప్రయాణాల గ్రాంట్లదీ ఎక్కువగా ఇదే తీరు.

నేను చదివిన చోట నాకిది అనుభవమే. పేరు అక్కర్లేదు. ఒక సెమినార్‌లో పేపర్ ఒప్పుకున్నారని ఊళ్లో మా బాబాయి దగ్గర 9,000 అప్పు తీసుకుని వెళ్లాను. బిల్లులు పెట్టాక ఒకసారి బోర్డింగ్ పాస్ అడిగారు, నేను వెళ్లింది రైల్లో. ఇంకోసారి ఒరిజినల్ రసీదు పోయిందన్నారు, పోగొట్టింది వాళ్లు. డబ్బు వచ్చేసరికి పదకొండు నెలలైంది. ఆ పదకొండు నెలలూ నేను పండగలకి ఇంటికి వెళ్లలేదు, బాబాయి ముఖం చూడలేక. నాతోపాటు పేపర్ చదివిన మిత్రుడికి కూడా అంతే ఆలస్యమైంది. అతనికి ఆ సంగతి గుర్తు కూడా లేదు, ఎందుకంటే ఖర్చు వాళ్ల నాన్న కార్డు మీద పోయింది.

ఆలస్యమయ్యే డబ్బు ఒక్కొక్కరి మీద ఒక్కోలా పడుతుంది. రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో కూడా తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ గురించి రాయాల్సి వచ్చింది. ఆ మాట మర్చిపోయి క్యాంపస్ డబ్బు గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అమెరికాలో స్టూడెంట్ వీసా మీద ఉన్న విద్యార్థి సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. నెలాఖరుకి అద్దె, కిరాణా పోగా వందో రెండొందలో డాలర్లు మిగిలేవాడు కార్యక్రమం కోసం 600 డాలర్లు ముందుగా ఎక్కడి నుంచి తెస్తాడు? రీయింబర్స్‌మెంట్ నియమం అందరికీ ఒకటే. దాన్ని దాటగలిగేది మాత్రం కొందరే.

ఇంకో అడ్డంకి పేర్ల జాబితా. సంఘం రిజిస్టర్ కావాలంటే బాధ్యుల పేర్లు, సభ్యుల పేర్లు ఇవ్వాలి. చాలాచోట్ల అవి వెబ్‌సైట్లో పెడతారు. మామూలు విద్యార్థికి అది మామూలు ఫారమే. నలుగురు తెలుగువాళ్లతో కలిసి అపార్ట్‌మెంట్లో ఉంటూ "మీ ఇంటిపేరేంటి, మీదే ఊరు, ఊళ్లో ఎక్కడ" అనే ప్రశ్నల్ని రోజూ తప్పించుకుంటున్న మన పిల్లవాడికి అది తన కులాన్ని తనే గోడకి అంటించుకోవడం. రేపు రూమ్ ఉంటుందో లేదో, రిఫరల్ ఇస్తానన్న సీనియర్ ఇస్తాడో లేదో తెలియదు. ధైర్యం చెయ్యమని ఇక్కడ కూర్చుని నేను చెప్పను. పేర్లు ఆఫీసు దగ్గరే ఉంచాలని, బయట పెట్టకూడదని అడగడం మాత్రం మన హక్కు. ఆ కారణం అర్థమయ్యేలా రాయగలిగితే ఒప్పుకునే అధికారులు ఉంటారు.

డబ్బు తీసుకుంటే లొంగిపోతామా?

ఈ మాట మన మిత్రులే అంటారు. సంఘం చందాలతో నడవాలి, బయట డబ్బు ముట్టుకుంటే ఎన్జీవో అయిపోతాం అని. నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాద్‌లో జగన్ మిత్ర మండలి మొదలుపెట్టినప్పుడు ఏ యూనివర్సిటీ గ్రాంటూ లేదు. ఉద్యమానికి చందా ప్రాణం, అది ఆగకూడదు.

కానీ విరాళం వేరు, బడ్జెట్ వేరు. విరాళం ఇచ్చేవాడి డబ్బు. బడ్జెట్ మనం కట్టిన డబ్బు. మహద్ చెరువు సంగతే తీసుకోండి. బహిరంగ చెరువుల్ని అందరికీ తెరవాలని 1923లో బొంబాయి లెజిస్లేటివ్ కౌన్సిల్ తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద హక్కు ఉంది, చెరువు దగ్గరికి మాత్రం మనవాళ్లు వెళ్లలేరు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగాడు. మనకు వేరే బావి తవ్వుకుందాం, వాళ్ల నీళ్లు మనకెందుకు అని ఆయన అనలేదు. అందరి సొమ్ములో భాగం వదులుకోవడం ఆత్మగౌరవం కాదు. వదులుకున్న ప్రతి రూపాయీ ఎవరి కార్యక్రమానికి పోతోందో కూడా చూడాలి.

సబ్‌ప్లాన్ నేర్పిన పాఠం

బడ్జెట్ పోరాటం తెలుగు దళితులకు కొత్త కాదు. ఎస్సీ, ఎస్టీల వాటా నిధుల్ని రోడ్లకీ ఫ్లైఓవర్లకీ మళ్లిస్తుంటే ఏళ్ల తరబడి కొట్లాడి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013 సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం. తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంలో ఖర్చుకాని డబ్బును తర్వాతి ఏడాదికి కలిపే ఏర్పాటు ఉంది. అమలు ఎంత అధ్వానంగా ఉందో మనకు తెలుసు, దాని మీద వేరే రాస్తాను. కానీ ఆ పోరాటంలో మన పెద్దలు గుర్తించిన మూడు సూత్రాలు ఏ స్టూడెంట్ ఫండ్‌కైనా సరిపోతాయి: విడి పద్దు ఉండాలి, మళ్లించకూడదు, మురిగిపోకూడదు.

వాటిని మన భాషలోంచి ఫారం భాషలోకి మారిస్తే డిమాండ్లు ఇవి:

1. పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులు కట్టే ఫీజుకి తగ్గ వాటా వాళ్ల కార్యక్రమాలకు విడిగా చూపించాలి.

2. మంజూరైన డబ్బులో కనీసం సగం ముందే ఇవ్వాలి. లేదా హాలు, భోజనాల బిల్లు సంఘమే నేరుగా చెల్లించాలి.

3. "ఏడాది పాతదైన సంఘానికే" లాంటి నిబంధనలు ఉంటే తీసేసి, కొత్త బృందాలకు చిన్న మొత్తాల పద్దు పెట్టాలి. హాజరు సంఖ్య ఒక్కటే కొలత కాకూడదు.

4. సభ్యుల పేర్లు గోప్యంగా ఉంచుకునే వీలుండాలి.

5. ఎవరు అడిగారు, ఎంత ఇచ్చారు, ఎవరికి ఎందుకు నిరాకరించారు అన్న లెక్క ప్రతి సెమిస్టర్ బయటపెట్టాలి.

ఇందులో ఒక్కటి కూడా మనకు మాత్రమే పనికొచ్చేది కాదు. చంటిబిడ్డ తల్లికీ, ఆఫ్రికా నుంచి వచ్చిన విద్యార్థికీ, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన తెల్ల పిల్లకీ పనికొస్తాయి. వాళ్లని కలుపుకుని అడగండి. ఏడెనిమిది మంది డెబ్బై ఎనభై మంది అవుతారు.

ఏం కార్యక్రమాలు అడగాలి?

ఏప్రిల్ 14న బిర్యానీ, కేకు, ఫొటోలు. తప్పని అనను, ఆ రోజు మన పండగ. కానీ ఏడాదికి ఒక్క సాయంత్రంతో గ్రాడ్యుయేట్ విద్యార్థి బతుకు మారదు. 1916 మే 9న కొలంబియాలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో ఒక పాతికేళ్ల విద్యార్థి భారతదేశంలో కులాల పుట్టుక మీద పేపర్ చదివాడు. ఒక గది, వినే కొందరు. ఆ పేపర్ ఈరోజుకీ మనం చదువుతున్నాం. అలాంటి గదిని నెలనెలా ఏర్పాటు చేయడానికి డబ్బు అడగండి.

థీసిస్ రాసేవాళ్లు కలిసి కూర్చునే వారాంతపు బృందం అడగండి. ఇంట్లో మొదటి తరం పీహెచ్‌డీ వాళ్లకు సీనియర్లు పేపర్ రాయడం నేర్పే తరగతులు అడగండి. కొత్తగా వచ్చిన విద్యార్థికి అద్దె ఒప్పందం చదివి చెప్పే సాయం అడగండి. మీటింగ్ జరిగే రెండు గంటలు పిల్లల్ని చూసుకునే ఏర్పాటు అడగండి. జనవరి 3న సావిత్రిబాయి పేరుతో స్కాలర్ల పేపర్లు చదివించండి. సెప్టెంబర్ 28న జాషువా జయంతికి తెలుగు పిల్లలు ఆయన గురించి తెలుగులోనే మాట్లాడుకోనివ్వండి.

డబ్బు పంచే బల్ల దగ్గర కూడా కూర్చోండి. ఫైనాన్స్ కమిటీలో సీటు ఖాళీగా ఉంటే పోటీ చెయ్యండి. విసుగు పుట్టించే పని, నిజమే. కానీ కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ సంగతి గుర్తుంచుకోండి. అప్పట్లో 23 క్యాంపస్‌లున్న ఆ వ్యవస్థ 2022 జనవరిలో తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది. అంతకుముందు 2021లో అక్కడి విద్యార్థి సంఘాలు తీర్మానాలు చేసి దాని కోసం నిలబడ్డాయి. ఆ తీర్మానాలు విద్యార్థి సెనేట్ మీటింగుల్లోనే, అజెండా కాగితాల మీదే పుట్టాయి.

చెల్లీ, నీ అప్లికేషన్ రాసి పంపు, నేనూ ఇంకో ఇద్దరు మిత్రులమూ చదువుతాం. తమ్ముడూ, "పద్దు లేదు" అన్న మాట వాళ్లతో రాతపూర్వకంగా తీసుకో. పద్దు లేదన్న కాగితం చేతిలో ఉంటే, పద్దు పెట్టమని అడిగే కాగితం దాని కిందే మొదలవుతుంది. మిగతావాళ్లు మీ ఫీజు రసీదులు తీయండి. పేరు, నంబరు చెరిపేసి లెక్కలు మాత్రం కామెంట్లలో పెట్టండి. వచ్చే భాగంలో వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

జై భీమ్.